చివరి రీలు చూపించిన వస్తాదు

పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకుంటున్నారు. ఈ ఉదయం మేస్త్రీ ఇసుక కుప్ప మీద నీళ్లు చల్లాడు. తడి ఇసుక వాసన కిటికీలోంచి రాగానే పొయ్యి మీది కూర మరిచిపోయి నిలబడిపోయాను. హోసూరు టెంటు సినిమాలో సాయంత్రం ఆట మొదలయ్యే ముందు ఇలాగే నేలంతా తడిపేవాళ్లు. ఆ వాసన వెంటే మా వస్తాదు మామ గుర్తుకొచ్చాడు.

ఆయన పేరు మునెప్ప. మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. గరిడీలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పేవాడు. ఆ మెలితిప్పిన మీసం చూసి, వేప్పనపల్లి నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన నేను తలుపు చాటునే ఉండేదాన్ని. డెబ్బైల చివరి మాట. మా ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఫైటింగు సినిమాలంటే ప్రాణం. తెర మీద హీరో కాలరెగరేస్తే ఈయనా ఎగరేసేవారు. హీరో పెళ్లాంతో ముక్తసరిగా మాట్లాడితే ఇక ఆ వారమంతా ఇంట్లో నా గతీ అంతే!

టెంటులో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మధ్యలో మొలెత్తు మట్టిగోడ. మా పెద్దవాడు అప్పుడు చంటిబిడ్డ. దెబ్బల చప్పుడు వినగానే ఉలిక్కిపడి గుక్కపట్టేవాడు. పెద్ద ఫైటింగు ఎప్పుడూ చివర్లోనే కదా! వాణ్ని చంకనేసుకుని నేను బయటికి నడిచేదాన్ని. గోడవతల ఈలలు వేస్తున్న తండ్రికి కొడుకు ఏడుపు వినబడక కాదు, నలుగురిలో బిడ్డనెత్తుకుంటే మగతనం ఎక్కడ తగ్గుతుందోనని. ఒక్క సినిమా అయినా చివరిదాకా చూడాలని నాకెంత ఆశో! ఇంటికి పోతూ అడిగితే, ఏ సినిమాకైనా ఆయన చెప్పే ముగింపు ఒకటే. "అందరినీ ఉతికి ఆరేసినాడు. అంతే."

ఒకరోజు అలాగే బిడ్డ ఏడ్చాడు, నేను లేచాను. ఇంతలో మగవాళ్ల మధ్యలోంచి వస్తాదు మామ గోడ దగ్గరికి వచ్చి చేతులు చాచాడు.

"బిడ్డని ఇట్లియ్యమ్మా. నువ్వు ఆడనే కూచోని సినిమా చూడు."

"ఏమప్పా వస్తాదూ, ఆయా పని ఎప్పుడు నేర్చినావు?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అంతా గొల్లుమన్నారు.

మామ బిడ్డను భుజాన వేసుకుని నింపాదిగా వెనక్కి తిరిగాడు. "గరిడీలో రాతిగుండు ఎత్తితే చప్పట్లు కొడ్తిరి గదప్పా? ఇప్పుడూ కొట్టండి."

ఆయన బిడ్డను జోకొడుతూ బయటికి వెళ్లిపోయాడు.

అలా మొదటిసారి చివరి రీలు చూశాను. హీరో అందరినీ కొట్టిన మాట నిజమే. కానీ ఆ తర్వాత తల్లి ఒడిలో తల పెట్టి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు! నాకూ కళ్లు ఆగలేదు. ఏడుస్తూనే సంతోషపడ్డాను.

దారిలో మా ఆయన్ని నిలదీశాను. "హీరో అంతగా ఏడ్చినాడే! ఇన్ని సినిమాలు చూస్తివి, ఒక్కసారన్నా నాకు చెప్తివా?"

సందు మలుపులో మెల్లగా అన్నారు. "అది ఫైటింగు కాదు గదే..." ఆ గొంతులోని సిగ్గుకు నవ్వొచ్చింది, జాలీ వేసింది.

తర్వాతి సినిమాకు బిడ్డ గుక్కపట్టగానే తలెత్తి చూశాను. గోడ మీదుగా రెండు చేతులు వచ్చాయి. మొహం మాత్రం తెర వైపే! వెనక ఈలలు పడ్డాయి. వాటికి మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి కానీ చేతులు వెనక్కి పోలేదు. కాస్త దూరంలో వస్తాదు మామ శనగలు నములుతూ, ఏమీ ఎరగనట్టు సినిమా చూస్తున్నాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ చంటిబిడ్డకే ఇప్పుడు పిల్లలు. పెళ్లిళ్లలో మనవరాలు ఏడిస్తే అందరి కళ్లూ కోడలి వైపు తిరుగుతాయి. కోడలు విస్తరి ముందు నుంచి లేవబోతుంది. "నువ్వు తినమ్మా" అని ఆమె భుజం మీద చెయ్యి వేసి, మా వాడి వైపు చూస్తాను. వాడు లేస్తాడు.