సోనామూ పలకల లారీ

కొరియావాళ్ళు పైన్ చెట్టు పేరు మరిచిపోతే మా తాత సిద్ధయ్యకే ఫోన్ చేస్తారు. నమ్మకపోతే మీ ఇష్టం. 1990లో ఆయన కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక కొరియా కంపెనీ కట్టే భవనాలకు సెంట్రింగ్ వడ్రంగి. ఫోర్‌మన్ హాన్ కొరియా మనిషి. పైన్ పలక ఎత్తినప్పుడల్లా “సోనామూ” అనేవాడు.

“ఆ పేరెట్లొచ్చింది సార్?” అని తాత అడిగాడట. హాన్ పలక మీద సుద్దతో గీసి, వచ్చీరాని హిందీలో చెప్పాడు. సోల్ అంటే పైన్, నామూ అంటే చెట్టు. రెండూ కలిసినప్పుడు నడుమ ‘ల్’ రాలిపోయింది. అన్నిటికన్నా పైనున్నది అని అర్థమిచ్చే ‘సూరి’ నుంచి సోల్ పుట్టిందని కూడా కొందరంటారట. తాతకు ఆ గొప్పలు పట్టలేదు.

“అంతే గదా సార్, కొంచెం చెక్కందే అతుకు కూచోదు” అన్నాడు.

హాన్ మెచ్చి సిగరెట్ ఇచ్చాడు. తాగలేదంటాడు తాత. నేను నమ్మను.

ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. పని ఖలాస్. నెల తరవాత, మనుషులను జోర్డాన్ సరిహద్దుకు చేర్చడానికి కంపెనీ అల్ రాయ్‌లో ఉన్న తన గోదాము నుంచి లారీ తీసింది. తాత సోనామూ పలకలతో దాంట్లో రెండు వరసల బల్లలు కొట్టాడు. నడుమ పెట్టెలు, మనిషికొకటి.

బయలుదేరే పూట, ఊళ్ళో మా పక్కింటి జుబేదా బీ భర్త, తాతతోనే పనిచేసే హుస్సేన్ వలి జ్వరంతో కూర్చోలేకపోయాడు. పడుకోబెట్టడానికి చోటు లేదు.

“దించేద్దాం సిద్ధన్నా, మళ్ళా బస్సులొస్తాయంట” అన్నాడు తోటి పనివాడు బాలసుబ్బయ్య.

“యాడ దించుతావురా? రోడ్డు మీదనా?”

“యల్లా, యల్లా!” కదలండని డ్రైవర్ అరుస్తున్నాడు. హాన్ ఏమీ తేల్చలేక చేతులెత్తేశాడు.

తాత తన ఇనుప పెట్టెను కిందికి తోసేశాడు. నాలుగేండ్ల కువైట్ అందులోనే ఉంది. టేపురికార్డరు, రెండు కంబళ్ళు, అవ్వకు సెంటు సీసాలు. ఆ చోటు చాలలేదు. బాలసుబ్బయ్య అందరినీ తిట్టుకుంటూ తన పెట్టె కూడా తోశాడు. వలి కాళ్ళు చాపుకున్నాడు. సరిహద్దు దాటే దాకా తాత అతని నోట్లో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

వలి బతికాడు. ఇప్పటికీ మా ఇంటికొచ్చి, కూరలో ఉప్పు తక్కువైందని వంకలు పెడతాడు.

మొన్న గిల్లుదామని అడిగాను. “తాతా, ఆ టేపురికార్డరు గుర్తొస్తే కడుపు మండదా?”

“మండుతాది. పెట్టె పోయిందని మీ అవ్వకు చెప్పినాను, తిట్టింది, అయిపాయ. మొగుణ్ణి రోడ్డు మీద దించొచ్చినానని జుబేదాకు నువ్వు చెప్తావురా?”