పేల వరుసలో టైగర్

మొన్న మా అమ్మాయి పెంచుకునే కుక్కను స్నానానికి తీసుకుపోవాల్సిన పని నా నెత్తిన పడింది. నెల్లూరులో ఇప్పుడు కుక్కలకు స్నానం చేయించి, జుట్టు కత్తిరించి, గోళ్ళు తీసి పంపే అంగళ్ళు వచ్చాయి కదా, అలాంటి ఒకదానికి వెళ్ళాను. చల్లటి గది, గోడల నిండా నవ్వుతున్న కుక్కల ఫొటోలు, మా చిన్నప్పుడు మనుషుల పిల్లలకు కూడా దొరకనన్ని రకాల సబ్బులు. మా వంతు కోసం కూర్చుని ఉండగా అక్కడ పనిచేసే కుర్రాడు ఏదో సీసా మూత తీసి అరచేతిలో పోసుకున్నాడు, గదంతా గుప్పుమని కానుగ నూనె వాసన. సీసా మీద ఏదో అందమైన పేరు రాసి ఉంది గానీ నా ముక్కును మోసం చేయడం ఎవరి తరం? ఆ కుర్రాడి ముందు బల్ల మీద చిన్న తెల్లకుక్క ఒకటి కాళ్ళు కూడా ఆననంతగా వణుకుతోంది, అతనేమో పైనుంచి వంగి, దాని కళ్ళలోకి కళ్ళు పెట్టి, నెత్తి మీదికి చెయ్యి తెస్తున్నాడు. నోరు ఊరుకుంటుందా నాకు?

"పైనుంచి చెయ్యి పెట్టబాకబ్బాయా, కింద నుంచి పెట్టు. దాని మొహంలోకి చూడబాక" అన్నాను.

"మీరు ట్రైనింగ్ తీసుకున్నారా మేడం?" అన్నాడు, కొంచెం వెటకారంగానే.

"తీసుకున్నా, మా అవ్వ దగ్గర" అన్నాను.

మాది జువ్వలదిన్నెకు దక్షిణాన, సరుగుడు తోటలకూ సముద్రానికీ మధ్య ఇసుకలో ఇరుక్కున్నట్టుండే చిన్న పల్లె. హార్బరు అప్పట్లో లేదు, పడవల్ని జనం భుజాలు పట్టి ఇసుక మీదికి లాగేవాళ్ళు, ఎండుచేపల వాసన మా బట్టలకు, పుస్తకాలకు, ఆఖరికి ఆదివారం గుడికి తీసుకుపోయే బైబిలు అట్టకు కూడా పట్టి ఉండేది. నాయన కావలిలో ఒక లారీ ఆఫీసులో పనిచేస్తూ శనివారం సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో నాయనమ్మ, అంటే మేము అవ్వ అని పిలిచే ఆవిడ, అమ్మ, అక్క, నేను, పెళ్ళి కాని చిన్నాయన. చిన్నాయన ఉప్పుకాలువలో విసురువల వేసేవాడు. వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద పడేటప్పుడు చూడాలి, అంత అందంగా మా పల్లెలో ఇంకెవరూ విసరలేరని ఆయన నమ్మకం, మా నమ్మకం కూడా.

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో పేల వరుస. రాగి సంకటి, చేపల పులుసు తిని, గిన్నెలు కడిగాక, అవ్వ వసారాలో పై మెట్టు మీద కూర్చునేది, ఆమె ముందు కింది మెట్టు మీద అమ్మ, అమ్మ ముందు అక్క, అక్క ముందు ఇసుకలో నేను. ఎవరి ముందున్న తల వాళ్ళు చూడాలి. కొయ్య పేల దువ్వెన అవ్వకొక్కదానికే, మిగతావాళ్ళకు గోళ్ళే దిక్కు, చివర్న మాత్రం అందరి తలల్లోనూ ఆ దువ్వెన ఒకసారి పోనిస్తేగాని అవ్వ లేవనిచ్చేది కాదు. ముందు కూర్చున్న మనిషి వెనకవాళ్ళకు వీపు అప్పజెప్పి, మెడ వంచి, కళ్ళు మూసుకుని కూర్చోవాలి, కదిలితే నెత్తిన మొట్టికాయ. "రేపు పాస్టరుగారు ప్రార్థనకు కళ్ళు మూసుకోమంటే నువ్వు తల గోక్కుంటా కూర్చుంటావా?" అని అవ్వ గదమాయింపు. చలిగాలి, సరుగుడు ఆకుల హోరు, వెచ్చటి ఇసుక, నెత్తి మీద ఎవరివో వేళ్ళు. అంత హాయి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. నాకొచ్చిన బాధల్లా ఒకటే, అందరిలోకీ చిన్నదాన్ని కాబట్టి నా ముందు చూడ్డానికి తల ఉండేది కాదు, ఊరికే ఇసుకలో గీతలు గీస్తూ కూర్చునేదాన్ని.

టైగర్ మా పల్లెకు చేపల కోసం వచ్చే ఐసు లారీతో వచ్చింది. వచ్చిందనేకంటే వదిలించుకున్నారనాలి. లారీ పోయాక చూస్తే ఐసు మీద కప్పే తడి రంపపు పొట్టు ఒళ్ళంతా అంటుకుని, డొక్కలు అంటుకుపోయి, చెవుల నిండా రక్తం తాగి శనగగింజలంతేసి ఉబ్బిన గోమార్లతో ఒక గోధుమరంగు కుక్క నిలబడి ఉంది. పైకి లేచిన చెయ్యి చూస్తే భయం, బకెట్టు చప్పుడంటే భయం, తాటాకు కదిలితే భయం. ఇసుకలో ఎండ్రకాయ ఎదురైతే పక్కకు తప్పుకుని పోయే ఆ కుక్కకు టైగర్ అని పేరు పెట్టిన ఘనత చిన్నాయనది. అది సరుగుడు తోటలోనే ఉండేది, ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. నేను మాత్రం పట్టు వదలకుండా రోజూ చేప తలకాయలు తీసుకుపోయి, మొదట దూరంగా పడేసి, తర్వాత కొంచెం దగ్గరగా, అలా రెండు నెలలు నానా తంటాలు పడ్డాక ఒకరోజు నా చేతిలోంచి తిన్నది. దాని ముక్కు చల్లగా నా అరచేతికి తగిలింది. ఆ రోజు నాకు గర్వంతో కాళ్ళు నేల మీద లేవు, బడిలో కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పాను.

క్రిస్మస్ నెల వచ్చింది. గోడలకు సున్నాలు వేస్తున్నారు, పొయ్యి మీద మణుగుబూలు, గులాబి పూలు, కజ్జికాయలు కాలుతున్నాయి, నూనె వాసన పల్లె పొలిమేర దాకా పోతోంది. అలాంటప్పుడు పిచ్చికుక్క ఒకటి ఎక్కడినుంచో వచ్చి రెండు దూడల్ని కరిచింది. మర్నాడే పంచాయతీ మనిషి రిక్షాలో మైకు పెట్టుకుని వచ్చి, వచ్చే సోమవారం కాక పై సోమవారం కుక్కల్ని పట్టేవాళ్ళు వస్తారు, మెడలో బెల్టు ఉంటేనే వదిలేస్తారు, లేని వాటికి మా పూచీ లేదు అని చెప్పిపోయాడు. తీసుకుపోయి ఏం చేస్తారో పెద్దవాళ్ళెవరూ మాకు చెప్పలేదు గానీ, పోయిన కుక్క తిరిగి రాదని పిల్లలందరికీ తెలుసు. ఆ శనివారం నాయన కావలి నుంచి తోలు బెల్టు తెచ్చాడు. తెచ్చాడు సరే, దాన్ని టైగర్ మెడకు కట్టేది ఎవరు?

"ఇదొక పనా! రేపు పట్టేస్తా చూడు" అన్నాడు చిన్నాయన. పట్టడమంటే ఆయనకు తెలిసింది ఒకటే.

మర్నాడు గుడి నుంచి వచ్చాక, ఆయన చెప్పినట్టే నేను వంజరం తలకాయ పట్టుకుని తోట అంచున కూర్చున్నాను. వంజరం తలకాయ అంటే మామూలు విషయం కాదు, అమ్మకు తెలియకుండా కుండలోంచి తీశాను. టైగర్ నన్ను చూసి తోక కొంచెం ఊపుకుంటూ వచ్చింది. నా చేతిలోది నోట కరుచుకుంది. అదే క్షణంలో నా వెనక చెట్టు చాటునుంచి వల గుండ్రంగా, ఎప్పటిలాగే అందంగా విచ్చుకుని దాని మీద పడింది. వల అంచుకు కట్టిన సీసపు గుళ్ళు దాని డొక్కల మీద టపటపా కొట్టాయి. దేవుడా, ఆ కుక్క అరిచిన అరుపు! వలలో పొర్లింది, కరిచింది, తాళ్ళు దాని చెవి కింద కోసుకుపోయాయి, చిన్నాయన చెయ్యి కూడా గీరుకుపోయింది. ఆఖరికి వలనే చించుకుని, రక్తం కారుతూ తోటలోకి పారిపోయింది. పారిపోయే ముందు ఒక్కసారి తిరిగి చూసింది. చూసింది చిన్నాయన వైపు కాదు, నా వైపు.

అవ్వ చిన్నాయనను తిట్టిన తిట్లు పల్లె అంతా వినబడ్డాయి. "చేపనుకున్నావంట్రా దాన్ని? వల వేస్తే గంపలో పడుద్దనుకున్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉండాది!" చిన్నాయన చేతికి పసుపు అద్దుకుని, చినిగిన వలను చుట్ట చుట్టుకున్నాడు. మిగిలింది ఎనిమిది రోజులు. నేను వసారాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అవ్వ నన్ను ఓదార్చలేదు. మర్నాడు మధ్యాహ్నం దువ్వెన తీసుకుని పై మెట్టు మీద కూర్చుని, "రాండి" అంది.

సోమవారం పేల వరుసేమిటి? అమ్మకు ఒక పక్క పిండివంటలు, ఒక పక్క సున్నాలు. అయినా అవ్వ మాటకు ఎదురుండదు కాబట్టి అందరం కూర్చున్నాం. మంగళవారం మళ్ళీ, బుధవారం మళ్ళీ. అసలే అవ్వ చెయ్యి గట్టిది, మా తలల్లో పేనన్నది లేకుండా పోయింది. నాలుగో రోజుకు అక్క, "ఇంక వెంట్రుకలే మిగిలుండాయవ్వా, అవి గూడా పెరికేస్తావా?" అని ఏడుపు మొహం పెట్టింది. "నోరు మూసుకోని కూర్చోమే. మిమ్మల్నెవరు చూస్తుండారు, అది చూస్తుండాది" అంది అవ్వ. అప్పుడర్థమైంది నాకు. తోట అంచున, రెండు చెట్ల మధ్య, గోధుమరంగు మొహం ఒకటి కనబడుతోంది.

అవ్వ దాన్ని పిలవలేదు. దాని వైపు చూడనూ లేదు, మమ్మల్ని చూడనివ్వలేదు. పైకి చెయ్యెత్తకూడదు, గట్టిగా నవ్వకూడదు, చిన్నాయన ఆ వేళకు ఇంట్లో ఉండకూడదు. తను తిన్న చేపముళ్ళు, సంకటి ముద్ద పక్కన మెట్టు మీద పెట్టుకుని, అవి తనవి కానట్టే కూర్చునేది. గురువారం టైగర్ వచ్చి తిని పారిపోయింది. శుక్రవారం తిని, పారిపోకుండా, బారెడు దూరంలో మా అందరినీ చూస్తూ పడుకుంది. శనివారం అవ్వ చెయ్యందేంత దగ్గరికి వచ్చి పడుకుంది, అవ్వ అమ్మ తల దువ్వుతూ దువ్వుతూ, చూపు తిప్పకుండానే ఎడమచెయ్యి కింద నుంచి పోనిచ్చి దాని గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించింది. కుక్క బిగుసుకుపోయింది. అవ్వ వేళ్ళు తీయలేదు, కదపలేదు. ఎంతసేపో. చివరికి అది మెల్లగా తల వాల్చింది, అవ్వ పేల దువ్వెన దాని మెడ మీదికి మారింది. ఒక్కొక్క గోమారినీ తీసి కిరసనాయిలు పోసిన కొబ్బరిచిప్పలో వేసింది, చెవి కింద పుండుకు కానుగ నూనె, పసుపు కలిపి రాసింది. "రేపు నాకు ఆ దువ్వెన వద్దు తల్లో" అని అక్క గొణిగింది, ఎవరూ నవ్వలేదు.

బెల్టును అవ్వ ఆ వారమంతా తన మణికట్టుకు చుట్టుకునే తిరిగింది, దానికి తన వాసన పట్టాలని. ఆదివారం మధ్యాహ్నం ముందు చీరకొంగు దాని మెడ మీద వేసింది, తీసింది, మళ్ళీ వేసింది, ఆ కొంగు కిందనే ఎప్పుడు కట్టిందో బెల్టు కట్టేసింది. సోమవారం పొద్దున ట్రాక్టరుతో, తీగ ఉచ్చులతో ముగ్గురు మనుషులు వచ్చారు. టైగర్ అవ్వ కాళ్ళ వెనక నక్కి వణుకుతోంది. ఒకతను వంగి చూసి, "దీనికి ఉండాదిలే" అని ముందుకు పోయాడు. మా పల్లెవి ఐదు కుక్కలు ఆ ట్రాక్టరులో పోయాయి, వాటిలో ఒకటి నాతో రోజూ బడి దాకా వచ్చేది. ఆ ఏడు గులాబి పూలు నోట్లో పెట్టుకుంటే నాకు సహించలేదు.

టైగర్ ఇంటి కుక్క అయింది. అవ్వ దగ్గర పడుకునేది, అమ్మ దువ్వినా ఊరుకునేది, ఆశ్చర్యమేమిటంటే ఏడాది తిరిగేసరికి చిన్నాయన వెంట కాలువ దాకా కూడా పోయేది. నా దగ్గరికి మాత్రం రాలేదు. నేను చేతిలో తలకాయ పెట్టుకుని కూర్చుంటే అది వెనక్కి వెనక్కి నడిచేది. కింద పెట్టి దూరంగా పోతేనే తినేది.

"వల వేసింది చిన్నాయన గదవ్వా, నా మింద దానికి కోపమెందుకు?" అని ఒకరోజు అడిగాను.

"నీ చేతిలో తింటుండగానే గదమ్మే వల పడింది. దాని లెక్కలో ఆ వల నీ చేతిలోంచే వచ్చుండాది" అంది అవ్వ.

"ఎన్నాళ్ళు పడుద్ది అయితే?"

"దాన్నడుగు" అంది. మళ్ళీ తనే, "నువ్వు మాత్రం కూర్చోడం మానబాక" అంది.

నేను మానలేదు. నాలుగేళ్ళు, ప్రతి శనివారం, వరుసలో చివర, నా ముందు ఖాళీగా ఉన్న ఇసుక మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నాకు పదమూడేళ్ళప్పుడు, ముసుర్ల కాలంలో అవ్వ జ్వరంతో పోయింది. సమాధి చేసి వచ్చిన మూడో రోజు శనివారం. వాన తెరిపిచ్చింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, అమ్మా అక్కా లోపల పడుకున్నారు. ఏం చేయాలో తోచక నేను అలవాటు కొద్దీ వెళ్ళి కింది మెట్టు దగ్గర తడి ఇసుకలో కూర్చున్నాను. టైగర్ తోట వైపు నుంచి వచ్చింది, పై మెట్టు వైపు చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చుట్టి వచ్చి, నా ముందు, నాకు వీపు తిప్పి కూర్చుంది. మెడ వంచింది. నేను చెయ్యి కింద నుంచి పోనిచ్చాను. అది వణకలేదు. చెవి కింద బొచ్చులో వెతికితే గట్టిగా తాడంత మచ్చ తగిలింది. అప్పటిదాకా నేను చూడని మచ్చ అది, నేను చేసిన మచ్చ. దాని మీదే వేళ్ళు పెట్టుకుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, సంతోషం పట్టలేక, అవ్వకు చెప్పాలని ఒక్క ఉదుటున లేచి ఇంట్లోకి పరిగెత్తాను. గడప దాటాక గుర్తొచ్చింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. మెట్లున్న చోట వలలు ఆరేసుకునే సిమెంటు కట్ట వచ్చింది, సరుగుడు తోట సగం పోయింది, పేల వరుసలు పల్లెల్లో కూడా ఎవరూ కూర్చోవడం లేదు, రెండు రూపాయల షాంపూ పొట్లాలు వచ్చాక ఒకరి తల ఒకరికి అప్పజెప్పే అవసరమే తీరిపోయింది. చిన్నాయన పోయాడు, అమ్మకు మతిమరుపు. ఆ రోజు గడప దగ్గర ఆగిపోయిన మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు, అవ్వకు చెప్పాల్సింది వేరొకరికి చెప్పబుద్ధి కాలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను. అది నా ముందు కూర్చుంది, అవ్వా. తనంతట తనే వచ్చి, వీపు తిప్పి కూర్చుంది.