మిద్దె మీద ఎండేసిన మామిడి రంగు

కోవిడ్ తగ్గుముఖం పట్టాక వచ్చిన మామిడి సీజన్‌లో నన్ను కడప ల్యాబ్ నుంచి బనగానపల్లె దగ్గర మా పండ్ల గుజ్జు ఫ్యాక్టరీకి సీనియర్ కెమిస్టుగా వేశారు. రిటైర్మెంటు దగ్గర పడ్డవాణ్ణి కదా, కుదురుగా ఉండనిస్తారనుకున్నాను. అప్పగించిన పని మాత్రం కొత్తది. పారేసే మామిడి తొక్కల నుంచి పసుపు రంగు పొడి తీసి, అది ఎంతకాలం నిలుస్తుందో తేల్చాలి.

ఆ రంగంతా కెరోటిన్లది. గాలి సోకి పదార్థాలు చెడిపోకుండా ఆపే గుణం కూడా వాటిదే. రంగు వెలిసిందంటే ఆ గుణమూ తగ్గినట్టే. అందుకని పొడిని రేకు పొట్లాల్లో కట్టి, కొన్నిటిని చల్లటి చీకటి గదిలో, కొన్నిటిని వేడి పెట్టెలో ఉంచి, నెలనెలా తీసి రంగు కొలుస్తాం. ఆరు నెలల ఫలితం బాగుంటే ఒక కూల్‌డ్రింకుల కంపెనీ ఆర్డరు ఇస్తానంది. ఆర్డరు వస్తే తొక్కల షెడ్డులోని ఆడవాళ్లకు సీజన్ అయిపోయాక కూడా పని దొరుకుతుంది. ఆ ఆశతోనే ఫలితం తేలేదాకా షెడ్డు తెరిచి ఉంచారు, ఆర్డరు రాకపోతే మూతే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

ఆఖరి కొలతకు ముందు హెడ్డాఫీసు మీటింగుకని కడప వెళ్తూ చీకటి గది తాళం షెడ్డు మేస్త్రి మేరమ్మకు ఇచ్చాను. తిరిగొచ్చి చీకటి గదిలోని పొట్లం విప్పి చూశాను. పొడి బియ్యప్పిండిలా పాలిపోయి ఉంది. వేడి పెట్టెలోది మాత్రం పసుపుగానే ఉంది. వేడిలో ఉన్నది నిలిచి, చల్లగా ఉన్నది వెలిసిపోవడం ఎక్కడైనా ఉందా? కంపెనీ మనిషి మర్నాడే వస్తాడు.

మేరమ్మను పిలిచి అడిగాను. ఆమె దాచలేదు.

"పొట్లాలు తాకితే పొడి గడ్డకట్టినాది సార్. పురుగు పడుతుందని మిద్దె మీద ఎండేసి, మళ్లా పొట్లాలు కట్టినాం. మిరపకాయలైనా శనక్కాయలైనా ఈడ మేం చేసేదదే గదా!"

రంగును తినేసింది వేడి కాదు, ఎండ వెలుతురన్నమాట. విషయం తెలిసి మా యజమాని, "వేడి పెట్టెలోదే తీసి గదిలోదని చూపించప్పా, ఏమైతాది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సర్వీసంతా లేబులు మార్చి ఎరగనివాణ్ణి, ఇప్పుడూ మార్చనన్నాను. అన్నానే గానీ, షెడ్డు వైపు చూడ్డానికి భయమేసింది.

కంపెనీ మనిషి అంతా విని కోప్పడలేదు. తమ సీసాలు కూడా కొట్ల ముందు ఎండలోనే ఉంటాయి కదా అన్నాడు. వేడి పెట్టెలోని పొడిని నీళ్లలో కలిపించి, గాజు సీసాల్లో పోయించి, అదే మిద్దె మీద పెట్టించాడు. రెండో రోజుకే సీసాల్లో రంగు వెలిసిపోయింది. ఆర్డరు రాలేదు.

షెడ్డు మూసిన రోజు మేరమ్మకు నచ్చజెప్పబోయాను. నువ్వు ఎండేయకపోయినా ఆ రంగు సీసాల్లో నిలిచేది కాదన్నాను.

"ఏమో సార్, ఎండేసిన చేతులైతే నావే గదా" అని టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

నిల్వ పరీక్ష అంటే సరుకును మనం దాచుకునే చోట పెట్టి చూడడం కాదు, కొన్నవాడు ఉంచే చోట పెట్టి చూడడం. హెడ్డాఫీసు పంపిన పరీక్షల జాబితాలో వేడి ఉంది, తేమ ఉంది, ఎండ లేదు. ఆ ఎండ పరీక్ష మొదటి నెలలోనే చేసి ఉంటే, వెలుతురు తగలని రేకు ప్యాకెట్లలో బిస్కెట్లు అమ్మేవాళ్లను, ఈ రంగు కొనేవాళ్లుగా, వెతుక్కోవడానికి మాకు ఇంకా ఐదు నెలలు ఉండేవి.