పదకొండున్నర ప్రేమ

మనిషి ఒంట్లో ఏది గుండె చేసే పనో, ఏది కడుపు చేసే పనో తేల్చుకోలేని వయసు ఒకటుంటుంది. నాకా వయసు ఫ్రీమాంట్‌లో ఉండగా వచ్చింది. ఆ రోజుల్లో మేం ముగ్గురు బ్రహ్మచారులం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నేను అప్పుడే చదువు ముగించి శాంటా క్లారాలో ఉద్యోగంలో చేరాను. మిగతా ఇద్దరిలో ఒకరు వరంగల్ అన్న. మా అందరికంటే పెద్దవాడు, ప్రేమ వ్యవహారాల్లో సలహాలివ్వడంలో దిట్ట (ఆయన సలహా ఇచ్చిన ప్రేమ ఒక్కటైనా గట్టెక్కిన దాఖలా లేదు, ఆయన సొంత ప్రేమతో సహా). రెండోవాడు గుడివాడ మనిషి. వాణ్ణి బాబాయ్ అని పిలిచేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు, వంట వచ్చింది వాడొక్కడికే.

ట్రాఫిక్ పెరగకముందే ఫ్రీవే ఎక్కాలని అన్నా నేనూ ఒకే కార్లో పొద్దున్నే బయల్దేరేవాళ్లం. “ఉప్మా తినేసి వెళ్లరా అబ్బాయ్, రెండు నిమిషాలు” అంటూ బాబాయ్ గుమ్మం దాకా వెంటపడేవాడు. “ఆఫీస్‌లో తింటాలే” అనేవాణ్ణి. ఆఫీస్‌లో తినేదేమిటయ్యా అంటే, పంచదార పాకం పూసిన డోనట్లు ఒకటో రెండో, వాటి మీదికి కారమెల్ సిరప్ ధారాళంగా పోసుకున్న చెంబెడు కాఫీ. అన్నీ ఉచితం. ఉచితంగా పెట్టింది ఒంటికి చెడు చేస్తుందంటే నమ్మే పెంపకం కాదు నాది.

ఆమె మా ఆఫీస్‌లోనే టెస్టింగ్ టీమ్‌లో పనిచేసేది. శాన్ రామన్‌లో పెరిగిన తెలుగమ్మాయి. తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం, వాటిని సరఫరా చేయడం నాది. రోజూ పదకొండున్నరకు ఒక చిన్న గదిలో ఎదురెదురుగా కూర్చుని నా కోడ్‌లో బగ్స్ చూసుకునేవాళ్లం. ఒక రోజు అలా కూర్చోగానే గుండె దడదడలాడింది. ఏసీ చలికి అందరూ స్వెటర్లు వేసుకుంటే నాకు నుదుటి మీద చెమటలు పట్టాయి. కీబోర్డ్ మీద వేళ్లు వణికాయి. స్క్రీన్ మీద అక్షరాలు అలికినట్టయ్యాయి. ఆమె, “ఈ బగ్ ఇంకా ఓపెన్‌గానే ఉంది. ఎప్పుడు క్లోజ్ చేస్తారు?” అంది. ఆ మాటలో అంతటి మాధుర్యం ఉందని అంతకు ముందు నాకు తెలియదు. మర్నాడు పదకొండున్నరకు మళ్లీ అదే దడ. ఆ మర్నాడూ అంతే.

ఇంటికెళ్తూ కార్లో అన్నకు చెప్పుకున్నాను. ఆయన డ్రైవ్ చేస్తూనే విచారణ మొదలుపెట్టాడు.

“గుండె కొట్టుకుంటున్నదా?”

“డప్పులా కొట్టుకుంటోందన్నా.”

“చేతులు వణుకుతున్నయా?”

“వణుకుతున్నాయి.”

“చెమటలు?”

“ధారలు.”

అన్న స్టీరింగ్ మీద ఒక్క దెబ్బ వేశాడు. “ఇంకేం గావాలె తమ్మీ! గది లవ్వే. గింత సాఫ్‌గ ఎవ్వలికీ రాదు.”

ఇంట్లో ఈ వార్త విన్న బాబాయ్ మాత్రం గరిటె ఆపి, “లంచ్ తిన్నాక తగ్గిపోతోందంటున్నావు కదరా. తింటే తగ్గే ప్రేమేంట్రా?” అన్నాడు. అన్న వాణ్ణి ఒక్క చూపు చూసి, “నువ్వు చారు సంగతి చూస్కో. పోపు గాదు గిది, ప్రేమ” అన్నాడు. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఆమె పేరు ‘పదకొండున్నర’ అయిపోయింది. “ఇయ్యాల పదకొండున్నర ఏమన్నది?” అని అన్న రోజూ అడిగేవాడు. ఒకసారి ఆమె సెలవు పెట్టింది. ఆ రోజు కూడా సరిగ్గా అదే వేళకు నాకు వణుకొచ్చి, పాపం ప్రింటర్ మీద ఊరికే కేకలేశాను. అన్న తల పంకించి, “విరహం” అన్నాడు. శని ఆదివారాల్లో బాబాయ్ ఇడ్లీలు తిని హాయిగా ఉండేవాణ్ణి. దానికీ ఆయన దగ్గర జవాబుంది. “ఆమె వాసన లేనికాడ గుండెకు పనేమున్నది?” (మరి ఆమె సెలవు పెట్టిన రోజు సంగతేమిటని నేను అడగలేదు. ప్రేమలో ఉన్నవాడికి తర్కం పనికిరాదని అప్పటికే నిర్ణయించుకున్నాను.)

ఇలా ఉండగా ఆమె వేరే టీమ్‌కు మారుతోందనీ, ఇక శాన్ రామన్ ఆఫీస్‌కే వెళ్తుందనీ తెలిసింది. మా ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది. శుక్రవారం చెప్పెయ్యాలని తీర్మానం. ఆ పొద్దున ధైర్యం కోసం ఇంకో డోనట్ ఎక్కువ తిన్నాను. మీటింగ్ అవగానే, “లంచ్‌కి ముందు ఒక్క నిమిషం బయటికి రాగలరా? మీతో మాట్లాడాలి” అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో బావిలోంచి వినిపించింది. ఆమె వింతగా చూసి, సరేనంది.

భవనం వెనక చిన్న తోట, అందులో ఒక బెంచీ. అక్కడిదాకా నడిచేసరికి షర్ట్ వీపుకు అతుక్కుపోయింది. వారమంతా అద్దం ముందు చదివిన వాక్యం ఒకటుంది నా దగ్గర. “నేను... మీకు... చాలా రోజులుగా...” అన్నాను. నాలుక తడబడింది, పెదాలు తిమ్మిరెక్కాయి, కళ్ల ముందు నల్లటి చుక్కలు ఎగిరాయి. బెంచీ మీద కూలబడ్డాను. ఇంత గాఢమైన ప్రేమను ఒళ్లు తట్టుకోలేదేమో, ఇక్కడే పోతానేమో అని నిజంగానే భయమేసింది. మా అమ్మ గుర్తొచ్చింది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. (ఆ క్షణం కోసం ఎన్ని కలలు కన్నానో!) పట్టుకుని, “అయ్యో, ఐస్‌లా ఉంది. మార్నింగ్ ఏం తిన్నారు?” అంది.

“మూడు... డోనట్లు.”

“ఇంకేం తినలేదా?”

“కాఫీ.”

“అందులో షుగర్?”

“సిరప్” అన్నాను. “ఇక్కణ్ణుంచి కదలకండి, నేను వస్తున్నా” అని ఆమె పరుగెత్తింది. ఆరెంజ్ జ్యూస్ బాటిల్‌తో, తన లంచ్ డబ్బాతో తిరిగొచ్చింది. జ్యూస్ తాగించింది. కాసేపాగి డబ్బా మూత తీసి, “ఇప్పుడిది తినండి. జ్యూస్ ఒక్కటే తాగి ఊరుకుంటే మళ్లీ డౌన్ అవుతుంది. మా అక్కకి సేమ్ ఇలాగే అయ్యేది. షుగర్ వ్యాధి లేదు, కానీ ఖాళీ కడుపుతో స్వీట్ తింటే ఇంతే” అంది. డబ్బాలో పెసరట్లు, అల్లం పచ్చడి. మొదటి పెసరట్టు ఆమె చెప్పిందని తిన్నాను. రెండోది ఆకలికి తిన్నాను. మూడోది ఆమె వంతు అన్న సంగతి తినేశాక గాని గుర్తు రాలేదు.

మెల్లగా చెమట ఆరింది. చేతులు కుదురుకున్నాయి. చెట్లు చెట్లలా, మనుషులు మనుషుల్లా కనిపించారు. ఆమె పక్కనే కూర్చుని, “ఏదో చెప్పాలన్నారు?” అంది.

నేను నా గుండె మీద మనసు పెట్టి వెతికాను. దడ లేదు. వణుకు లేదు. నెల రోజులుగా పెంచి పోషించిన ప్రేమ పెసరట్టుతో పాటు అరిగిపోయింది.

“ఏం లేదండి. ఆ ఓపెన్‌గా ఉన్న బగ్... క్లోజ్ చేసేశాను.”

“అది చెప్పడానికా ఇంత దూరం తీసుకొచ్చారు?” అని ఆమె పగలబడి నవ్వింది. తర్వాత నవ్వాపి, “ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేయండి. వణుకు వచ్చినప్పుడు డ్రైవ్ మాత్రం చేయకండి, ప్లీజ్” అంది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. వణుకు వచ్చిన వేళ కూడా రక్తం తీయించి చూసింది. చివరికి ‘పదకొండున్నర’ చెప్పిన మాటనే ధ్రువీకరించింది. నాకు షుగర్ జబ్బు లేదు. ఖాళీ కడుపులో తీపి ఒక్కసారిగా పడితే నా ఒళ్లు కంగారుపడి ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేస్తోంది, దాంతో కాసేపటికి చక్కెర కిందికి జారుతోంది. మందులేమీ అక్కర్లేదంది. పొద్దున్న కడుపుకు నిలిచే తిండి తినమంది, భోజనానికీ భోజనానికీ మధ్య గుప్పెడు పల్లీలో, బాదం గింజలో నమలమంది. ఇవన్నీ విన్న అన్న రిపోర్ట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “రిపోర్ట్‌ల జెర్రంత గూడ లవ్వు లేదా తమ్మీ?” అన్నాడు. బాబాయ్ మర్నాడు పొద్దున్న ఉప్మా పళ్లెం పట్టుకుని కారు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

మరుసటి ఏడాది శాన్ రామన్‌లోనే ఆమె పెళ్లి జరిగింది. మా ముగ్గుర్నీ పిలిచింది. పెళ్లికొడుకు వాళ్ల చుట్టాలు ఫ్రీవే మీద ఇరుక్కుపోవడంతో తంతు ఆలస్యమైంది. భోజనాల జాడ లేదు. పెళ్లిపీటల మీంచి ఆమె వాళ్ల పిన్నిని పిలిచి చెవిలో ఏదో చెప్పింది. పిన్నిగారు నేరుగా మా వరుస దగ్గరికొచ్చి, “బాబూ, పదకొండింటి నుంచి కూర్చున్నావట. నిన్ను ముందు తినేయమంటోంది అమ్మాయి” అంది. అంత పెద్ద భోజనాల హాల్లో నేనొక్కణ్ణే కూర్చున్నాను. వడ్డించేవాళ్లు నన్ను పెళ్లికొడుకు మేనమామ అనుకున్నారో ఏమో, నెయ్యి రెండుసార్లు పోశారు. “పప్పూ అన్నం తిన్నాకే పూర్ణం. అదీ ఒక్కటేనట” అని పిన్నిగారు నిలబడి కాపలా కాసింది.

తిరిగొచ్చి కూర్చునేసరికి జీలకర్రా బెల్లం పెడుతున్నారు. తెర దించారు. అందరూ అక్షింతలు వేస్తుంటే ఆమె తలెత్తి జనంలో వెతికింది. నేను కనిపించగానే, తిన్నారా అన్నట్టు కనుబొమలెగరేసింది. తిన్నానని తలూపాను. అప్పుడు గుండె ఒక్కసారి దడేల్మంది. చేతిలో అక్షింతలు జారాయి.

అన్న నా మొహం చూసి, “ఏమైంది తమ్మీ, షుగర్ డౌనయిందా?” అన్నాడు.

“అవునన్నా” అన్నాను. కడుపు గొంతుదాకా నిండి ఉంది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. టిఫిన్ చేయనిదే ఇల్లు కదలను. నా పిల్లలకూ అదే నేర్పాను. కానీ ఎప్పుడైనా, నిండు కడుపుతో, ఏ కారణం లేకుండా ఊరికే కూర్చున్నప్పుడు ఆ తోట బెంచీ మీది కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, వాడు మరీ అంత పొరబడలేదేమో అనిపించి నవ్వుకుంటాను.