రాధాకృష్ణ అంకుల్‌కి మైకిస్తే

అమెరికాలోని ట్రాయ్‌లో తెలుగు అసోసియేషన్ ప్రోగ్రామ్‌లన్నిటికీ సౌండ్ సిస్టమ్ చూసే రాధాకృష్ణ అంకుల్‌కి ఒకటే జబ్బు. పాట ఏదైనా కానీండి, దాని వెనక ఈ దేశపు ఆదివాసీ సంగీతకారుల చెయ్యి ఎంతుందో చెప్పందే ప్లే బటన్ నొక్కరు.

పుట్టినరోజు పార్టీలో రాక్ పాట పెట్టమంటే, ఆ గిటార్ గరగర ఎవరి పుణ్యమో తెలుసా అని మొదలెడతారు. ఈలోగా కొవ్వొత్తులు కరిగి కేకులో కలిసిపోతాయి. ఒక పెళ్లి ఊరేగింపులో డీజే పక్కన చేరి ఆదివాసీల పెద్ద డోలు మహిమ చెబుతుంటే, ముహూర్తం కాస్తా పార్కింగ్ లాట్‌లోనే దాటిపోయింది. భార్య వసుమతి ఆంటీ అయితే ఇంట్లో పాటలు పెట్టడమే మానేసింది. "పాట మూడు నిమిషాలు, పురాణం ముప్పావుగంట తల్లీ" అంటుంది.

అందుకే దసరా ప్రోగ్రామ్ రోజు కల్చరల్ సెక్రటరీ నీహారిక ముందే దణ్ణం పెట్టేసింది. హాల్ టైమ్ తక్కువ, ఇవాళ ఒక్క ముక్క మాట్లాడొద్దని బతిమాలింది. అలాగేనమ్మా అన్నారాయన. ఆయన అలాగే అన్నారంటేనే నీహారికకి గుండె దడ.

తర్వాతి పాట ఆమె కూతురు అవనిది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఉగాదికి తెలుగు పాట పాడితే, ఆ అమెరికా యాసకి ముందు వరసలో కిసుక్కుమన్నారు. అప్పట్నుంచి ఇంట్లో కూడా తెలుగు మాట్లాడటం మానేసింది. ఎంతో బుజ్జగిస్తే ఇవాళ ఒప్పుకుంది. ఇవాళ గనక వెనక్కి తగ్గితే ఇక జన్మలో నోరు విప్పదని తల్లి భయం.

అవని పేరు పిలవగానే అంకుల్ మైకు అందుకున్నారు. సగం హాలు పునుగుల కౌంటర్ వైపు లేచింది. ఆ రోజుల్లో ఆదివాసీ గిటారిస్టులు కొందరు తమ జాతి పేరు దాచుకుని వాయించారట, వాళ్ల వాయింపు విని పెద్దపెద్ద రాక్ బ్యాండ్లే నేర్చుకున్నాయట. నీహారికకి ఒళ్లు మండింది. మైకు కనెక్షన్ పీకేద్దామని స్టేజి వెనక్కి పరుగెత్తింది.

అక్కడ కర్టెన్ చాటున అవని ముడుచుకుని కూర్చుంది.

"ఐ కాంట్, మమ్మీ. మళ్లీ నవ్వుతారు."

కర్టెన్ సందులోంచి అంకుల్ చూపంతా ఆ పిల్ల మీదే ఉంది. మైకులో ఆయన గొంతు వినిపిస్తోంది.

"ఇప్పటి పిల్లలు దాచుకోవట్లేదండీ. సొంత భాషలోనే ర్యాప్ పాడుతున్నారు. వాళ్లలో ఒకమ్మాయికి అమ్మమ్మ భాష సరిగ్గా నోరు తిరగదు. మొదట్లో అందరూ నవ్వారు. ఆ తప్పులతోనే పాడింది. ఆ తర్వాత ఆ ఊళ్లో..."

అవని ముక్కు తుడుచుకుని లేచింది. అంకుల్ మాట మధ్యలోనే ఆపేసి ప్లే నొక్కారు.

యాస యాసే, ఒత్తులన్నీ గాల్లో కలిశాయి. అయినా రెండో చరణానికల్లా హాలంతా చప్పట్లతో తాళం వేసింది. నీహారికకి కళ్లు చెమర్చాయి. స్టేజి మీద ఈయన ఉపన్యాసం ఏనాడూ పూర్తయింది లేదని, ఎప్పుడూ సగంలోనే ఆగుతుందని అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ కర్టెన్ వెనక ఎంతమంది పిల్లలు కుదుటపడ్డారో ఏమో.

తర్వాతి ఐటమ్ డాన్స్. గజ్జెల పట్టీ తెగి ఒక పాప వెక్కుతోంది. నీహారిక గబగబా వెళ్లి మైకు తనే తెచ్చి అంకుల్ చేతిలో పెట్టింది.

"అంకుల్, ఆ ఊళ్లో ఏమైందో చెప్పండి. కొంచెం సాగదీసి చెప్పండి."