వెన్నలో మిగిలిన వాసన

నా చిన్నప్పుడు ఒక వానాకాలం మా బర్రెకు పిడుదులు పట్టాయి. ఇప్పుడు కువైట్‌లో, రుమైథియాలో నేను వంట చేసే ఇంట్లో, చేప కోస్తున్నప్పుడల్లా నాకు ఆ బర్రే గుర్తుకొస్తుంది.

మాది కడప వైపు పల్లె. పిడుదులు రక్తం పీల్చి బర్రె చిక్కిపోతుంటే, మా నాయన అంగట్లో దొరికే గమాక్సిన్ పొడి తెచ్చి దాని ఒంటికి రుద్దేవాడు. ఆ రోజుల్లో చీమలకైనా, పశువులకైనా ఆ మందే. పిడుదులు రాలిపోయేవి, మళ్లీ పట్టేవి, నాయన మళ్లీ రుద్దేవాడు. బర్రె తన ఒళ్లు తాను నాక్కుంటూనే ఉండేది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడే పక్కింటి అక్కకు తొలి కాన్పయింది. బాలింతకు నెయ్యి మా ఇంటి నుంచే పోవాలని ముందే అనుకున్న మాట. గిన్నె తీసుకెళ్లే పని నాది. పసిబిడ్డను చూడొచ్చని నాకు సంబరం.

ఆ ఉదయం మా అవ్వ వెన్న తీస్తూ తీస్తూ ఆగిపోయింది. నన్ను పిలిచి కళ్లు మూసుకోమంది. ముక్కు దగ్గర ఏదో పెట్టింది. పుల్లటి మజ్జిగ వాసన, అంతే. తర్వాత ఇంకొకటి పెట్టింది. మూసిన గదిలో తడిసిన గోనెసంచి కంపు, మా నాయన చేతుల దగ్గర వచ్చేదే. కళ్లు తెరిస్తే అది వెన్న. రెండూ ఒకే కుండలోవి. మందు నీళ్లను వదిలేసి కొవ్వును వెతుక్కుని అందులో కూర్చుంది.

నాయన పొడి మానేసి పిడుదులను చేత్తో ఏరడం మొదలుపెట్టాడు. అవ్వ కుంకుడు రసంతో బర్రెను తోమి తోమి కడిగింది. చర్మం శుభ్రమైంది గానీ వెన్నలో కంపు పోలేదు. అవ్వ నెయ్యి పంపలేదు. దానికి బదులు నువ్వుల ఉండలు, వెల్లుల్లి కారం చేసి పంపింది. అక్క అత్త కంటికి అవి ఆనలేదు. గోడ అవతలి నుంచి ఎవరితోనో అంటున్నట్టు అనింది.

“పాడి ఉన్నోళ్లకు చేతులు రావులే. బాలింత నోరు కొట్టి ఆ నెయ్యి యాడ దాచుకుంటారో.”

అవ్వకు కోపం రాలేదు. గోడ దగ్గరికి పోయి నెమ్మదిగా చెప్పింది. “మా ఇంట్లో గూడా ఎవురం తినడం లేదు వదినా. బర్రె నాకిన మందంతా పాలల్లోకి దిగుతాంది. మీ కోడలు తింటే మాత్రం ఆమెతో ఆగుతుందా? బిడ్డ నోటికే గదా పోయేది.”

మేము మజ్జిగ లేని సంగటి తిన్నాం. చిలికినప్పుడల్లా అవ్వ వెన్న నా ముక్కు దగ్గర పెట్టేది. నేను తల అడ్డంగా ఊపితే ఊరి బయట గుంట తీసి పూడ్చేది. రోజులు గడిచేకొద్దీ కంపు పలచబడింది. ఒంట్లో కూడబెట్టుకున్నదాన్ని బర్రె పాలతో పాటు కొంచెం కొంచెంగా దించుకుంటోంది. కొత్తది లోపలికి పోకుండా చూసి, ఉన్నది దిగేదాకా కాచుకోవడమే అవ్వ చేసిన వైద్యం.

కంపు పోయాక కాచిన నెయ్యి చివరికి పక్కింటికి చేరేసరికి బిడ్డకు అన్నం ముట్టించే రోజు వచ్చింది. అక్క అత్త నేతి గరిటె పైకెత్తి, అన్నం మీద వేయకుండా నా వైపు చాపింది.

“ముందు ఈ పాప ముక్కు సరే అనాల,” అని నవ్వింది.

అందరి ముందూ వాసన చూసి సరేనని తల ఊపాను. అవ్వ కళ్లలో నీళ్లు అప్పుడే చూశాను.

అక్షరాలు నాకు ఇక్కడికి వచ్చాక, తల నెరిసేటప్పుడు వచ్చాయి. ఈ మధ్య ఫోన్‌లో కూడబలుక్కుని చదివాను. అలాంటి మందులు కొన్ని చేప కొవ్వులోనూ, మనిషి కొవ్వులోనూ ఏళ్ల తరబడి ఉండిపోతాయట, నిదానంగా దిగుతాయట, తల్లి పాలలోకీ వస్తాయట. అయినా తల్లి పాలు మానవద్దనే డాక్టర్లు చెబుతారట. ముక్కుకు అందనివీ ఉంటాయని చదివినప్పుడు మాత్రం కాసేపు ఆ నేతి గరిటే కళ్ల ముందు నిలిచింది. ఆ రోజు నా ముక్కుకు ఎంత తెలిసిందో నాకు తెలియదు. అవ్వ తనకు తెలిసినంతా చేసింది. చిన్నపిల్లనని చూడకుండా నా మాట మీద నిలబడింది. ఆ రుణం నాకు తీపిగానే ఉంది.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తాం. మామా కూతురు ఇప్పుడు బాలింత. ఆమెకు వండే చేపకు తోలు, పొట్ట కింది కొవ్వు తీసేస్తాను. రుచంతా అందులోనే ఉందని మామా గొణుగుతుంది. మా అవ్వ అలవాటని చెబుతాను. తీసిన కొవ్వును పారేసే ముందు చేయి దానంతటదే ముక్కు దగ్గరికి పోతుంది. చేప వాసన తప్ప ఏమీ రాదు. అయినా పారేస్తాను.