వెన్న వాసన

ఆ చిన్న బ్రూవరీలో అతన్ని అందరూ ముక్కు మాస్టారు అంటారు. పాఠాలు చెప్పినవాడేం కాదు. కుర్రతనంలో ఖాళీ ట్యాంకుల్లోకి దిగి బ్రష్షుతో రుద్దే పనిలో చేరి, మొలకెత్తించిన బార్లీ మాల్టు మూటలు మోసి, పైపులు బిగించి, చివరికి బీరు కాచే పెద్దపనికి ఎక్కినవాడు. ఎక్కించింది అతని ముక్కే. ట్యాంకు దగ్గర నిలబడి గ్లాసు ఒక్కసారి వాసన చూస్తే చాలు, లోపల ఏం తేడా చేసిందో చెప్పేస్తాడు. అతను సరే అన్నాకే ఓనరు ఏ బీరునైనా ముందు హాల్లో కౌంటరు మీద పెట్టేవాడు.

మాస్టారి ప్రాణమంతా నల్ల బీరులో ఉండేది. బాగా వేయించిన మాల్టుతో చిక్కగా, చేదుగా కాచేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే "ఆఁ, ఏదోలెండి" అని మొహం తిప్పుకునేవాడు కానీ, ఇంటికెళ్ళాక ఆ మెప్పంతా పొల్లుపోకుండా భార్యకు అప్పజెప్పేవాడు. ఆమె బేకరీలో బ్రెడ్డు పిండి కలిపే మనిషి. అలసిపోయి వచ్చినా ఓపిగ్గా వినేది.

విని ఊరుకుని ఉంటే గొడవే లేదు. మూటల అడుగున మిగిలిన మాల్టు అతను ఇంటికి తెస్తే, దానితో వంటింట్లో తనూ బీరు కాయడం మొదలుపెట్టింది. నల్లది కాదు, లేత పసుపు రంగులో బ్లాండ్ ఏల్ అనే తేలికపాటి బీరు. ఈస్టుతో ఆమెకు రోజూ పనే కదా. రెండుసార్లు చెడింది, మూడోసారి కుదిరింది. మాస్టారు ఒక గుక్క తాగి "పర్వాలేదు" అన్నాడు. ఆ ఒక్కమాటా పెదవి దాటడానికి ఎంత అవస్థ పడిందో ఆమెకు తెలియదు.

ఒక ఆదివారం ఓనరు తాళాల కోసం ఎండన పడి ఇంటికొచ్చాడు. ఆమె ఒక గ్లాసు చేతికిచ్చింది. ఆయన సగం గటగటా తాగేసి, ఆగి, మిగతా సగం నెమ్మదిగా తాగాడు.

"ఏంటి మాస్టారూ, ఇంత మంచి సరుకు ఇన్నాళ్ళూ ఇంట్లో దాచారా?"

"ఏదో సరదాకి..." అని మాస్టారు నసుగుతున్నాడు.

"నేను కాచానండీ" అంది ఆమె.

ఆ వారమే ఆమె చెప్పిన కొలతలతో ట్యాంకు నిండా కాయమన్నాడు ఓనరు. కాయాల్సింది ఎవరయ్యా అంటే, మాస్టారే.

పెళ్ళాన్ని చూసి కుళ్ళుకునే మగాడు కూడా ఉంటాడా అని అడక్కండి. ఉంటాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, మాస్టారికి సొంతింటిదే గొంతులో అడ్డం పడింది. పరాయివాడు కాచి ఉంటే నాలుగు తిట్లు తిట్టుకుని పడుకునేవాడు. ఇప్పుడు పక్కకు ఒత్తిగిలితే ఆవిడే. భోజనాల దగ్గర మాట్లాడేది ఆమె, వినేది తను. "ఇవాళ నా బీరు ఎలా ఉందండీ?" అని ఆమె అడిగినప్పుడల్లా అతనికి ఒళ్ళు మండేది.

రుచి చూసే రోజు ఓనరు ఆమెను కూడా బ్రూవరీకి పిలిపించాడు. అక్కడ ఒక పద్ధతుంది. ఈస్టుకు తగినంత టైమివ్వకపోతే బీరులో వెన్న వాసన మిగిలిపోతుంది. అందుకని ఒక గ్లాసు మూతపెట్టి వేడినీళ్ళలో కాసేపు ఉంచి, చల్లార్చి వాసన చూస్తారు. దాగి ఉన్న వెన్న అప్పుడు బయటపడుతుంది. నల్ల బీరులోనైతే మాడు వాసన కింద కొన్ని తప్పులు సర్దుకుపోతాయి. బ్లాండ్ ఏల్లో తప్పు దాక్కోవడానికి చోటుండదు.

మాస్టారు గ్లాసు మూత తీసి వాసన చూశాడు. వెన్న లేదు. తాగాడు. ముందు బిస్కెట్టు లాంటి కమ్మదనం, వెనకాల తేనె ఉందా లేదా అన్నంత తీపి, చివర సన్నటి చేదు. నోరు శుభ్రంగా ఉంది, ఇంకో గుక్క అడుగుతోంది. తన జీవితంలో ఇలాంటిది ఒక్కటీ కాయలేదు. ఆమె చీరకొంగు వేళ్ళకు చుట్టుకుంటూ అతని మొహంలోకే చూస్తోంది.

"వెన్న వాసన వస్తోంది" అన్నాడు.

ఓనరు వాసన చూసి, "నాకేం తెలియట్లేదే. అయినా మీరంటే ఉన్నట్టే. ఇవాళ్టికి ఆపేద్దాం" అన్నాడు. ఆమె గ్లాసు ముక్కుకు ఆనించి మళ్ళీ మళ్ళీ పీల్చింది.

ఇంటికి నడుస్తుంటే దారిలో అంది. "నాకు ఒక్కసారి కూడా వెన్న వాసన రాలేదండీ."

"దానికి అనుభవం కావాలి."

"అంతే అయుంటుంది. తెలియని పనిలో వేలు పెట్టాను. ఇంక కాయన్లెండి."

నిజం చెప్పాలంటే మాస్టారికి ముందు సంతోషమే కలిగింది. కోరుకున్నది అదే కదా. నాలుగడుగులు వేశాక ఒక హోటలు ముందు ఆమె ఆగిపోయింది. లోపలెవరో డికాక్షన్ దించుతున్నారు. ఆమె గట్టిగా గాలి పీల్చి అతనివైపు తిరిగింది.

"ఇది కాఫీ వాసనే కదండీ?"

పిండి పులిసిందో లేదో గుమ్మంలోంచే చెప్పే మనిషి, కాఫీ వాసనకు అతన్ని అడుగుతోంది.

"లేదు" అన్నాడు మాస్టారు.

"కాఫీ కాదా?"

"కాఫీయే. వెన్నే లేదు. అబద్ధం చెప్పాను. నీ బీరు బాగుంది, ఓర్చుకోలేకపోయాను."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"ఎంత బాగుంది?"

"నావన్నిటికంటే."

"అయితే పదండి. ఆ మాటే ఓనరు గారి ముందు చెప్పండి" అని గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఆమె వెనకాల నడుస్తూ మాస్టారు లెక్కలు వేసుకున్నాడు. జలుబు చేసింది, పొరపడ్డానంటే మర్యాదగా పోతుంది. కానీ ఓనరు ముందు నిలబడేసరికి, పక్కన ఆమె ఉండగా, ఆ అబద్ధం నోట్లోనే ఉండిపోయింది.

"ముక్కు బాగానే ఉందండీ. బుద్ధే బాలేదు. అందులో వెన్న లేదు, కుళ్ళుతో అన్నాను."

ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇక మీదట మీరు సరే అంటే నేను నమ్మాలా మాస్టారూ?"

ఓనరు ఆమెవైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. కౌంటరు మీద పెట్టొచ్చా?"

ఆమె తాజాగా ఇంకో గ్లాసు పట్టించి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. ఈసారి మొగుడి మొహం వైపు చూడలేదు.

"పెట్టండి" అని, ఆ గ్లాసు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. "తాగండి."

తాగాడు. కడుపుమంట రవ్వంత కూడా తగ్గలేదు. బీరు అంత బాగుంది మరి.